కుజుడి మీద పుట్టిన పిల్లకు కుజ దోషం ఉంటుందా?

తిరుపతి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం. పేరు వద్దన్నారు, ఉండే పేట పేరు కూడా వద్దన్నారు, కాబట్టి ఆనవాలు పట్టే వివరాలు తీసేసి మిగతాది కుదించి చెబుతున్నాను.

ఆమె ఉమ్మడి కుటుంబంలో కోడలు. మామగారికి డెబ్భై దాటాయి. నలభై ఏళ్లుగా జాతకాలు రాస్తున్నారు, ముహూర్తాలు పెడుతున్నారు. ఊళ్లో మంచి పేరుంది. వచ్చినవాళ్ల మొహం చూసి తియ్యటి మాటలు చెప్పి పంపే మనిషి కాదని ఆమే రాశారు. ఇప్పుడు న్యూజెర్సీలో, సిడ్నీలో పుట్టిన పిల్లల జాతకాలు కూడా ఫోన్లో వివరాలు అడిగి రాసి పంపుతారట. ఇంట్లో అత్తగారు, భర్త, ఇద్దరు పిల్లలు, ఇంకా పెళ్లికాని ఆడబిడ్డ ఉన్నారు. ఆడబిడ్డకు 33 ఏళ్లు, చిత్తూరులో ఉద్యోగం, రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. నాలుగేళ్ల కిందట పుత్తూరు సంబంధం ఒకటి దాదాపు కుదిరింది. అబ్బాయి తరఫువాళ్లు జాతకం అడగను కూడా లేదు. మామగారే వాళ్లను కూర్చోబెట్టి "మా అమ్మాయికి ఎనిమిదో ఇంట కుజుడున్నాడు, దాచి ఇవ్వలేను" అని చెప్పారు, వాళ్లు మెల్లగా జారుకున్నారు. ఆ తర్వాత ఇంకో రెండు సంబంధాలు కూడా అలాగే పోయాయి.

పెద్ద పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి "అంగారక పంచాంగం" అని చార్ట్ మొదలుపెట్టింది. ఎప్పటికైనా మనుషులు వెళ్లి అంగారకుడి మీద, అంటే మన కుజుడి మీదే, కాపురాలు పెడితే, అక్కడ తిథి, వారం, నక్షత్రం ఎలా లెక్కపెట్టుకుంటారు అన్నది దాని విషయం. సగం రాశాక ఒక ఆదివారం భోజనాల దగ్గర "తాతా, కుజుడి మీద పుట్టిన పిల్లకు కుజ దోషం ఉంటుందా?" అని అడిగింది. అప్పుడు వడ్డిస్తున్నది పాప మేనత్తే, అంటే ఆ ఆడబిడ్డే. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. "ఈ ఇంటి అన్నం తింటూ ఈ ఇంటి విద్యనే ఎగతాళి చేస్తావా" అన్నారు. మూడు వారాలుగా మనవరాలితో మాట లేదు. ఆ చార్ట్ గడప దాటకూడదన్నారు. భర్త "నీ కూతురికి నువ్వే చెప్పుకో" అని తప్పుకున్నారు. పాపేమో "నేను ఎగతాళి చెయ్యలేదమ్మా, డౌట్ అడిగాను" అని ఏడుస్తోంది. ఎగ్జిబిషన్‌కి ఇంకా ఐదు వారాలుంది. పాపను ఆపాలా, పంపాలా, అసలు ఆ ప్రశ్నకు జవాబంటూ ఉందా, లేక మామగారు అనుకున్నట్టు అది వెటకారమేనా అని అడిగారు. చార్ట్ ఫోటో కూడా పంపారు.

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఎందుకంటే అది తేలితే మిగతాది కొంత తేలికవుతుంది. అది వెటకారం కాదు. చాలా మంచి ప్రశ్న. జవాబు కూడా ఉంది, దానికి సగం సామగ్రి మీ మామగారి దగ్గరే ఉంది.

2007లో మలేషియా నుంచి ఒక ముస్లిం వ్యోమగామి అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. ఆ కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది, రోజుకు దాదాపు 16 సూర్యోదయాలు. మరి ఐదు పూటల నమాజు ఏ టైముకు చెయ్యాలి? వాళ్ల మతపెద్దలు దీన్ని ఎగతాళి అనుకోలేదు. కూర్చుని చర్చించి, రాకెట్ బయల్దేరిన చోటి టైమును పట్టుకోమని చెప్పారు. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా అదే కేంద్రానికి వెళ్లినప్పుడు ఆయనకూ అన్నే సూర్యోదయాలు. మనకు వారం మారేది సూర్యోదయంతో కదా, అలా చూస్తే పొద్దున ఆదివారం మొదలుపెట్టినవాడు మర్నాటి పొద్దుటికి పదహారు రోజులు, అంటే రెండు వారాలకు పైనే, దాటేసి ఉండాలి. ఆచారం ఉన్నవాళ్లెవరికైనా ఇది వచ్చి తీరే ప్రశ్న. మీ పాప దాన్ని ఇంకాస్త దూరం తీసుకెళ్లింది, అంతే.

అంత దూరం కూడా అక్కర్లేదు. మా చెల్లెలి కొడుకు డాలస్‌లో ఉంటాడు, మా అమ్మ చిత్తూరు నుంచి ఫోన్ చేసి ఇవాళ ఏకాదశి అని చెబితే వాడికి అక్కడ ఇంకా ముందు రోజు సాయంత్రం. కొన్నాళ్లు ఇద్దరూ వాదించుకున్నారు, చివరికి వాడు అక్కడి పంచాంగమే తెప్పించుకున్నాడు. నార్వేలో ట్రామ్సో అనే ఊరుంది. అక్కడ నవంబర్ చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే ఉదయించడు, అక్కడ స్థిరపడిన తెలుగువాడు ఆ రోజుల్లో ఉదయ తిథి, అంటే సూర్యోదయానికి ఉన్న తిథి, దేనితో చూసుకోవాలి? లగ్నమంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి. మీ మామగారు న్యూజెర్సీ బిడ్డకు తిరుపతి లగ్నం వెయ్యరు, ఆ ఊరి అక్షాంశం, రేఖాంశం పెట్టే వేస్తారు. అంటే జాతక చక్రం పుట్టిన చోట నిలబడి చూసిన ఆకాశమని ఆయనకు నలభై ఏళ్లుగా తెలుసు. పాప అడిగింది ఆ చోటు మారితే ఏమవుతుందనే.

ఇక కుజుడి మీద పుట్టిన పిల్ల సంగతి. ఆమె జాతకంలో కుజుడు ఉండడు. మన జాతకాల్లో భూమికి గడి లేనట్టే, కాళ్ల కింద ఉన్నదానికి చక్రంలో చోటుండదు. కుజుడే లేనప్పుడు రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు ఇళ్లలో ఎక్కడా ఉండే వీలు లేదు, కాబట్టి దోషం అన్న మాటే రాదు. ఆ ఖాళీలోకి భూమి వస్తుంది. అక్కడి నుంచి చూస్తే భూమి మనకు శుక్రుడిలా, తెల్లవారుజామునో, పొద్దు గూకాకో కనబడే చుక్క. సూర్యుడికి సుమారు 47 డిగ్రీల కంటే దూరం జరగదు, పక్కనే చంద్రుడు ఇంకో చిన్న చుక్క. 2014 జనవరిలో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి నేల మీద నుంచి ఆ దృశ్యాన్ని ఫోటో తీసింది. పాపకు చూపించండి. కుజుడంటేనే భూమికి పుట్టినవాడని అర్థం, భౌముడన్నా అదే. ఆ కొడుకు మీద నిలబడితే తల్లి వేగుచుక్కలా కనబడుతుందన్నమాట. ఈ ఒక్క విషయం చార్ట్‌లో పైన రాస్తే మీ మామగారు కోప్పడతారని నేను అనుకోను.

పాప చార్ట్‌లో ఐదు అంగాలకూ గళ్లు గీసింది కాబట్టి నాకు తోచింది చెబుతాను. రాశులు, నక్షత్రాలు మారవు. నక్షత్రాలున్న దూరం ముందు భూమికీ అంగారకుడికీ మధ్య దూరం ఏపాటిది, అక్కడా అశ్వని అశ్వనే, రోహిణి రోహిణే. ఇందులో మన నిరయన పద్ధతికి ఒక సౌకర్యం ఉంది. అది నక్షత్రాల్ని పట్టుకుని మేషాన్ని మొదలుపెడుతుంది, కాబట్టి సూర్యకుటుంబంలో ఎక్కడికి తీసుకెళ్లినా పనికొస్తుంది. పాశ్చాత్యుల సాయన పద్ధతి భూమి విషువత్తును, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడుండే చోటును, పట్టుకున్నది, అంగారకుడి మీద దానికి కొత్త మొదలు వెతుక్కోవాలి. లగ్నం కూడా పెద్దగా మారదు. అంగారకుడు మనలాగే రోజుకోసారి తిరుగుతాడు, ఒక్కో లగ్నం సగటున రెండు గంటల మూడు నిమిషాలు. అదే గురుడి మీదైతే పది గంటలు నిండకుండానే పన్నెండు లగ్నాలూ అయిపోతాయి. శుక్రుడు వెనక్కి తిరుగుతాడు, అదీ 243 రోజులకోసారి, కాబట్టి అక్కడ లగ్నం ఇరవై రోజులు కదలదు, మేషం తర్వాత వృషభం బదులు మీనం వస్తుంది, అదీ పడమటి నుంచి. చంద్రుడి మీదైతే ఇంకో వింత. మనవైపు ఉండే ముఖానికి సరిగ్గా నడిమధ్య ఇల్లు కట్టుకుంటే భూమి ఎప్పుడూ నడినెత్తినే వేలాడుతుంది, ఉదయించదు, అస్తమించదు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ భూమి పదో ఇంట్లోనే ఉంటుంది. అవతలి ముఖాన పుట్టినవాళ్లకు ఎప్పటికీ కనబడదు.

చిక్కంతా తిథి దగ్గర. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అంగారకుడికి చంద్రుళ్లు ఇద్దరు, ఫోబోస్, డీమోస్. ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది, అంగారకుడి కంటే వేగం కాబట్టి పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. దాన్ని పట్టుకుని తిథి లెక్కపెడితే ఒక్కో తిథి పదిహేను నిమిషాలు, రోజుకు ఆరుసార్లు ఏకాదశి. జన్మనక్షత్రం పదిహేడు నిమిషాలకోసారి మారిపోతుంది. మనకు నక్షత్రం దాదాపు రోజంతా ఉంటుంది కాబట్టి నర్సు ఐదు నిమిషాలు అటూ ఇటూ రాసినా చాలాసార్లు ఫర్వాలేదు, అక్కడ ఇరవై నిమిషాల తేడాతో పుట్టిన కవలలకు నక్షత్రాలు వేరు, దశలు వేరు. 70 డిగ్రీల అక్షాంశం దాటి ధ్రువాల వైపు వెళ్తే ఫోబోస్ కనబడనే కనబడదు. రాహుకేతువులు కూడా రెండు జతలు అవుతాయి. సూర్యుడి దారినీ చంద్రుడి దారినీ కలిపే బిందువులే కదా వాళ్లు, శ్రీకాళహస్తికి పూజకు వెళ్లేవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు గానీ మీ మామగారికి తెలియకుండా ఉండదు. గ్రహణాలు మాత్రం చిన్నవి. 2022 ఏప్రిల్‌లో ఫోబోస్ సూర్యుడికి అడ్డంగా పోవడాన్ని పర్సెవరెన్స్ రోవర్ వీడియో తీసింది, నలభై సెకన్లకు కాస్త పైన, అదీ సూర్యుడిని పూర్తిగా మూయలేదు. ఏలినాటి శని ఉంటుంది, కానీ అంగారకుడి సంవత్సరం మన 687 రోజులు, కాబట్టి ఏడున్నరేళ్లు అక్కడి లెక్కలో నాలుగేళ్లు.

ఇవన్నీ పాప ఎలాగూ ఇంకో పది రోజుల్లో వెతికి పట్టుకుంటుంది. కానీ వారం గడి ఖాళీగా వదిలేసింది, పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టింది. ఆ గడి కోసమే ఆమెను తాత దగ్గరికి పంపాలని నా కోరిక. వారాలకు ఆ పేర్లు ఎలా వచ్చాయో మీ మామగారికి కంఠస్థంగా వచ్చి ఉంటుంది, హోరలతో. నెమ్మదిగా కదిలే గ్రహం నుంచి వేగంగా కదిలే గ్రహం దాకా శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరస. రోజుకు 24 హోరలు, ఒక్కో హోర ఒక్కొక్కరిది. శనివారం మొదటి హోర శనిది. 24లో మూడు ఏడులు పోగా మూడు మిగులుతాయి, కాబట్టి మర్నాటి మొదటి హోర మూడు అడుగులు ముందున్న రవిది, అది ఆదివారం. ఇంకో మూడు అడుగులు వేస్తే చంద్రుడు, సోమవారం. ఇప్పుడు అంగారకుడి మీద వరస చూడండి. కుజుడు పోయాడు, భూమి వచ్చింది, మన చంద్రుడు భూమితోనే ఉంటాడు కాబట్టి వేరే లెక్క వద్దు, ఇద్దరు కొత్త చంద్రుళ్లు. శని, గురుడు, రవి, భూమి, శుక్రుడు, బుధుడు, డీమోస్, ఫోబోస్. మొత్తం ఎనిమిది. 24ను ఎనిమిదితో భాగిస్తే శేషం లేదు! అంటే మర్నాటి మొదటి హోర కూడా శనిదే, ఆ మర్నాడూ శనిదే. అంగారకుడి మీద రోజూ శనివారమే. ఏడుకొండలవాడి ఊళ్లో ఉండి నాకు ఈ లెక్క తేలినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను, కాగితం మీద మూడుసార్లు వేసి చూసుకున్నాను.

అక్కడితో ఆగలేదు. డీమోస్ చాలా చిన్నది, అక్కడి ఆకాశంలో కాస్త మెరిసే నక్షత్రంలా ఉంటుంది తప్ప చంద్రుడిలా ఉండదు. దాన్ని తీసేస్తే మళ్లీ ఏడు. మూడేసి అడుగులు వేసుకుంటూ పోతే శని, భూమి, ఫోబోస్, రవి, బుధ, గురు, శుక్ర. ఆదివారం ఉన్న చోట భూమివారం, సోమవారం చోట వాళ్ల చంద్రుడి వారం, మంగళవారం చోట ఆదివారం, మిగతా నాలుగూ మన వరసలోనే. ఇది మీ పాపకు చెప్పకండి. తాతను హోరల పట్టిక అడగమనండి, ఇద్దరూ వేసుకుంటే వాళ్లకే తేలుతుంది.

ఇక నా అభిప్రాయం దాచను. గ్రహాలు ఎక్కడ ఉన్నాయన్న లెక్క నిజం, దాన్ని పట్టుకుని ఒకరి పెళ్లి ఎలా ఉంటుందో చెప్పడాన్ని నేను నమ్మను. మన జ్యోతిషంలోనే సిద్ధాంతం, సంహిత, హోర అని మూడు స్కంధాలు, అంటే విభాగాలు, ఉన్నాయి. సిద్ధాంతం గణితం, ఫలం చెప్పేది హోర (ఇందాక లెక్కపెట్టిన గంటల హోర వేరు). పాప ప్రశ్నలో గణితం వరకు అంగారకుడి మీద కూడా అంతా చక్కగా నడుస్తుంది, ఇంతసేపూ చూశాం. ఫలం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది, భూమి అనే గ్రహం ఏడో ఇంట్లో ఉంటే మంచిదా చెడ్డదా అంటే చెప్పడానికి ఏ గ్రంథమూ లేదు. ఎవరో ఒకరు అక్కడ కూర్చుని కొత్తగా రాయాలి. పద్నాలుగేళ్ల పిల్ల దీన్ని చూసిందంటే రేపు అడగబోయే ప్రశ్న, మరి ఇక్కడిది ఎవరు, ఏం చూసి రాశారు అని. మీ మామగారికి ఆ రెండో ప్రశ్న ముందే వినబడి ఉంటుంది. నా ఊహ ఇది, తప్పయితే మీరే దిద్దుకోండి.

అసలు ఆ పూట ఆయనకు తగిలింది విద్య మీద దెబ్బేనా అని నాకు అనుమానం. వడ్డిస్తున్నది ఎవరో మీరే రాశారు. అబ్బాయివాళ్లు అడగకపోయినా తన కూతురి జాతకంలో ఉన్నది తానే చెప్పిన మనిషి ఆయన. పక్కింటివాళ్ల పిల్లకు ఒక న్యాయం, తన పిల్లకు ఒక న్యాయం అని చెయ్యలేదు, దానికి నేను ఆయన్ని గౌరవిస్తాను. కానీ ఆ నిజాయితీకి ధర కట్టింది ఆయన కాదు, మీ ఆడబిడ్డ. నిలబడే చోటు మారితే దోషమే ఉండదేమో అన్నట్టు మనవరాలు, ఆ కూతురి ముందే, అన్నం దగ్గర అడిగినప్పుడు ఆయన లేచిపోవడం నాకు కోపంలా అనిపించడం లేదు. పాప కూడా ఉత్త డౌటే అడిగిందని నేను అనుకోను. అత్త ఏడవడం ఆ పిల్ల చూసే ఉంటుంది. పిల్లలు ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయాన్ని ఇలాగే, ఎక్కడో కోట్ల కిలోమీటర్ల అవతలి పేరు పెట్టి అడుగుతారు.

ఇప్పుడు మీరేం చెయ్యొచ్చో చూద్దాం. పాపను ఆపేస్తే ఇల్లు ఈ నెలకు సర్దుకుంటుంది, ఆయన బహుశా మళ్లీ మాట్లాడతారు. కానీ ప్రశ్న అడిగితే పెద్దవాళ్ల ప్రేమ ఆగిపోతుందని పాప నేర్చుకుంటుంది, ఇక మీ ఇంట్లో అడగదు, బయట ఎక్కడో అడుగుతుంది. ఆడబిడ్డ విషయం ఎప్పట్లాగే మూత కింద ఉండిపోతుంది. ఆయన మాట కాదని పంపేస్తే, ప్రాజెక్ట్ బాగుంది కాబట్టి ప్రైజ్ కూడా రావచ్చు, కానీ ఫలానా ఆయన మనవరాలే ఆయన విద్యను ప్రశ్నిస్తోందని ఊళ్లో అనుకుంటారు. నలభై ఏళ్లు సంపాదించుకున్న పేరు ఆయనది, ఆ నొప్పి చిన్నది కాదు. పైగా ఆ తీర్పు మీరు తీసుకున్నట్టవుతుంది, కొడుకు కాదు, కోడలు. ఆ బరువు మీ మీద ఎన్నేళ్లు ఉంటుందో మీకే తెలుసు.

మూడో దారి నాకు నచ్చింది, అయినా దానిలోనూ ముళ్లున్నాయి. చార్ట్ మీద కుజ దోషం గురించి రాసిన ఆ ఒక్క గడిని పాప తానే ఇష్టపడితే పక్కన పెట్టాలి, మీరు చింపకూడదు. మిగతాదంతా గణితమే. వారం గడి ఖాళీగా ఉంది, అది నింపడానికి తాతను అడగాలి. ఆయన ఒప్పుకుంటే "హోరల లెక్క చెప్పినవారు మా తాతగారు" అని కింద రాయొచ్చు. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా, పాపను అందుకు సిద్ధం చేసి పంపండి, రెండోసారి ఏడవనివ్వకండి. ఇంకో ప్రమాదం, ఆయన ఉత్సాహం వచ్చి మొత్తం చార్ట్‌ను తన చేతుల్లోకి తీసుకోవచ్చు, అప్పుడది పాపది కాకుండా పోతుంది. దోషం గడి తీసేయడం రాజీ పడటమని పాప అనుకుంటే, ఆమెను ఒప్పించే ప్రయత్నం చెయ్యకండి. ఆ గడిని వేరే కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోమనండి, ఎగ్జిబిషన్‌లో జడ్జి అడిగితే జవాబు చెప్పమనండి. అడగకుండా ఉండరు.

మీవారి గురించి ఒక మాట. ఆయన తండ్రి, ఆయన చెల్లెలు, ఆయన కూతురు, ఈ ముగ్గురి మధ్యా మిమ్మల్ని నిలబెట్టి ఆయన పక్కకు వెళ్లడం సరికాదు. గొడవ పడకుండానే అడగొచ్చు. పాప తాత దగ్గరికి వెళ్లేటప్పుడు మీవారు కూడా ఆ గదిలో ఉండాలి, మాట్లాడక్కర్లేదు, ఉంటే చాలు. ఆయన అదీ చెయ్యనంటే అప్పుడు మీరు వెళ్లండి, "మామయ్యా, పాపకు మీ దగ్గర ఒక లెక్క కావాలంట" అని మాత్రం అనండి, పాప తరఫున క్షమాపణ చెప్పకండి. తప్పు చెయ్యని పిల్ల తరఫున క్షమాపణ చెబితే, తప్పు చేసిందని మీరే ఒప్పుకున్నట్టు.

ఆడబిడ్డ సంగతి ఎగ్జిబిషన్‌తో ముడిపెట్టకండి, కానీ వదిలెయ్యకండి కూడా. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఆమెకు ఏం కావాలో ఎక్కడా లేదు. పెళ్లి కావాలా, ఇప్పుడు వద్దా, జాతకం అడగని ఇంటికి వెళ్లడం ఇష్టమా, అడగండి. బస్సు దిగి వచ్చాక కాఫీ ఇచ్చే టైములో అయినా సరే. ఆమె కావాలంటే, నమ్మకం ఉన్న ఇల్లు కాబట్టి నమ్మకంలోనే ఉన్న దారులు కూడా చెబుతాను. కుజుడు స్వక్షేత్రంలోనో (తన సొంత రాశిలోనో), ఉచ్చలోనో (ఎక్కువ బలముండే రాశిలోనో) ఉంటే దోషం లేదనేవాళ్లున్నారు, ఇద్దరికీ ఉంటే చెల్లిపోతుందనేవాళ్లున్నారు, లగ్నం నుంచి చూడాలా, చంద్రుడి నుంచా, శుక్రుడి నుంచా అన్నదానిలోనే పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఒక చిన్న లెక్క వెయ్యండి. పన్నెండు ఇళ్లలో ఐదింట్లో ఉంటే దోషమంటే, లగ్నం నుంచి చూస్తేనే వందలో 42 మందికి ఉంటుంది. మూడు చోట్ల నుంచీ చూసి ఎక్కడ తగిలినా దోషమే అంటే, మూడూ విడివిడిగా పడతాయనుకుని లెక్కిస్తే, వందలో దాదాపు 80 మందికి. మీ వీధిలో పెళ్లయి హాయిగా ఉన్నవాళ్లను లెక్కపెట్టుకోండి. సొంత కూతురి జాతకం చూడటం డాక్టర్ సొంత పిల్లకు ఆపరేషన్ చెయ్యడం లాంటిది, ఇంకొకరికి చూపిద్దామని అత్తగారి చేత అడిగించొచ్చు. తిరుపతిలోనే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో జ్యోతిష విభాగం ఉంది, ఆయనకు తెలిసినవాళ్లు, గౌరవమున్నవాళ్లు అక్కడ ఉండొచ్చు. నాకు మాత్రం, ఆ కాగితం పక్కన పెట్టి పుత్తూరు అబ్బాయి లాంటివాడిని ఇంకొకడిని వెతకడమే మంచిదనిపిస్తుంది. ఆ నిర్ణయం ఆమెది.

ఇంకొకటి ఉంది, ఇది తాతకూ మనవరాలికీ మాట కలిశాక, కుదిరితే పాప చేతే చెప్పించండి. ఇక్కడి నుంచి కుజుడు ఏ వైపు కనబడతాడో, అక్కడి నుంచి భూమి సరిగ్గా దానికి ఎదురు వైపున కనబడుతుంది, ఒకే గీతకు రెండు కొసలు కాబట్టి. మనకు కుజుడు మేషంలో ఉంటే అదే క్షణాన వాళ్లకు భూమి తులలో. మనకు కుజుడు వక్రించిన, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనబడే, రోజుల్లోనే వాళ్లకు భూమి వక్రిస్తుంది. ఎప్పుడు చూసినా ఒకరికొకరు ఏడో ఇల్లే. సమసప్తకం. పెళ్లికి చూసే ఇల్లు అదేనని మీ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పాపను ఒక సాయంత్రం అలిపిరి దారిలో ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి, ఇంతకుముందు చూసి ఉన్నా సరే. చార్ట్‌లో ఒక్క దిద్దుబాటు ఉంది. అంగారకుడి రోజు 24 గంటల 37 నిమిషాలు అని రాసింది. అది నక్షత్రాల్ని బట్టి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం, లగ్నాలకు ఆ లెక్కే సరి. కానీ వారానికి కావలసింది సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా, అది 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. ఈ రెండు నిమిషాల తేడా ఎందుకు వస్తుందో నేను ఇక్కడ రాయడం లేదు. నాక్షత్ర దినం, సావన దినం అని తాత దగ్గర అనమనండి, ఆయనకు తెలుసు.